సన్యాసమ్మ నడవదు

రేవు పట్నంలో ఇరవై రెండో వార్డుకి ఏడు వీధులు. పొద్దున్న ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఆ ఏడు వీధుల్లోనూ ఒకే ఒక్క కూరగాయల తోపుడు బండి తిరుగుతుంది. బండి మీద ఆనపకాయలు, దొండకాయలు, ములక్కాడలు, తడి గోనె కింద తోటకూర. బండి వెనక సన్యాసమ్మ. యాభై రెండేళ్ల మనిషి. మొగుడు పోయి పదిహేనేళ్లయింది, పిల్లలు లేరు. మూడో వీధిలో పరదేశినాయుడి మేడ మెట్ల కింద ఒక గదిలో పంతొమ్మిదేళ్లుగా ఉంటోంది. అందులో నిటారుగా నిలబడితే తల తగులుతుంది. ఎక్కడ ఎంత వంగాలో ఆవిడకి నిద్రలో కూడా తెలుసు.

అలాంటి మనిషిని నడవని మనిషి అని పెద్దలు తేల్చారు. ఊరికే నోటితో అనలేదు, కాగితం మీద రాసి గుండ్రటి ముద్ర కూడా వేసిచ్చారు. అది ఎలా జరిగిందంటే, మొదట ఆ పెద్దలకి నడక మీద ప్రేమ పుట్టింది.

ఊరి పెద్దలు ఎనిమిది మంది కలిసి ఏదో చల్లటి దేశం చూసొచ్చారు. అక్కడి జనం ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి పనికి నడిచే వెళ్తున్నారట. మన జనం తాతలనాటి నుంచీ చేస్తున్నది అదేనని వీళ్లకి తెలియదు. కారు అద్దాలకి నల్ల కాగితం ఉంటే ఎవరు నడుస్తున్నారో ఏం కనపడుతుంది. దిగీ దిగగానే నడక విభాగం అని ఒకటి పెట్టారు. దానికో ఉపసంచాలకుడు, ఆయనకి రెండు జీపులు, కూర్చోడానికి పద్దెనిమిది కుర్చీలు. ఏ వార్డులో ప్రతి ఇంటికీ అయిదు నిమిషాల నడకలో పాలు, మందులు, కూరగాయలు దొరుకుతాయో ఆ వార్డుకి ‘నడక వార్డు’ అని బిరుదు ఇస్తామన్నారు.

ఇరవై రెండో వార్డులో సర్వే చెయ్యడానికి జగన్నాథం వచ్చాడు. జూనియర్ అసిస్టెంటు, నలభై అయిదేళ్లవాడు, నడుంనొప్పి మనిషి. ఎంత దూరం నడవాలో కొలవడానికి స్కూటరు మీద వచ్చాడు. చేతిలో పలకలాంటి యంత్రం ఒకటుంది. ఆ యంత్రం ఏ గడి చూపిస్తే ఆ గడి నింపాలి. పాలకేంద్రాలు దొరికాయి, మందుల షాపులు అక్కర్లేనన్ని దొరికాయి. కూరగాయల కొట్టు ఒక్కటీ లేదు. ఉన్నవాళ్లంతా ఎప్పుడో ఎత్తేసి సెల్‌ఫోన్ల షాపులకి అద్దెకిచ్చారు. మొదటి వీధిలో సన్యాసమ్మ బండి కనపడేసరికి జగన్నాథం ప్రాణం లేచొచ్చింది.

“అమ్మా, నీ పేరేంటి?”

“సన్యాసమ్మ. ఏటి బాబూ, పింఛనా?”

“కాదు. ఈ వీధిలో కూరగాయల దుకాణం ఉందో లేదో రాసుకోవాలి.”

“నాది దుకాణం కాదు బాబూ, బండి.”

“బండి అన్న గడి ఇందులో లేదు. దుకాణం ఒక్కటే ఉంది.” అని నొక్కేశాడు.

రెండో వీధికి వెళ్లాడు. అక్కడా ఆవిడే ఎదురొచ్చింది. పేరు నొక్కితే యంత్రం ఒప్పుకోలేదు. ఈ పేరు ఇదివరకే నమోదైనది, వేరొకటి ఇవ్వండి అంది. లేదు అని నొక్కవచ్చు. కానీ లేదంటే మూడు ఫోటోలు, ఒక సంజాయిషీ, పై అధికారి సంతకం జతచెయ్యాలి. జగన్నాథం నడుం పట్టుకున్నాడు.

“ఇంకో పేరు చెప్పమ్మా.”

“నాకొక్కటే పేరు. మాయమ్మ ఒక్కటే ఎట్టింది.”

“పోనీ మీ అమ్మ పేరు చెప్పు.”

“నూకాలమ్మ. ఆవిడ పోయి ఇరవయ్యేళ్లు దాటిపోనాది బాబూ.”

“పోయిందా ఉందా అని ఇందులో అడగలేదు.”

అలా రెండో వీధిలో నూకాలమ్మ కొట్టు వెలిసింది. మూడో వీధిలో అత్త అప్పయ్యమ్మ పేరు, నాలుగులో అక్క పైడమ్మ పేరు చెప్పింది. అయిదులో మేనత్త ఎర్రయ్యమ్మ, ఆరులో నాయనమ్మ చిన్నమ్మడు. ఒక్కరు కూడా బతికిలేరు. సన్యాసమ్మకి మాత్రం బాగానే ఉంది. ఎన్నాళ్లకో వాళ్ల పేర్లు ఒకరడిగితే చెప్పింది, ఒకరు శ్రద్ధగా రాసుకున్నారు. ఏడో వీధికి వచ్చేసరికి పేర్లు అయిపోయాయి. చాలాసేపు ఆలోచించింది.

“మల్లి అని రాసుకో బాబూ.”

“ఈవిడెవరు? చెల్లెలా?”

“మా సిన్నప్పటి గేదె.”

జగన్నాథం ఎండలో అలిసిపోయి ఉన్నాడు. “ఇంటిపేరు?”

“గేదెకి ఇంటిపేరేటి బాబూ. మాదే ఎయ్యి.”

వేశాడు. గెడ్డాపు మల్లి, కూరగాయల దుకాణం, ఏడో వీధి.

నెల తిరక్కుండా ఇరవై రెండో వార్డుకి బిరుదు వచ్చింది. ఏడు వీధులకీ ఏడు కూరగాయల దుకాణాలున్న వార్డు ఇంకెక్కడా లేదట. వార్డు మొదట్లో కొబ్బరిచెట్టంత బోర్డు పెట్టారు, ‘నడక వార్డు, సకలమూ అయిదు నిమిషాల్లో’ అని. బోర్డుకి పునాది తవ్వడానికి కాలిబాట పగలగొట్టారు. జనం రోడ్డు మధ్యలోంచి నడవడం మొదలెట్టారు.

ఇళ్లవాళ్లు బోర్డు చదువుకున్నారు. చదువుకుని అద్దెలు పెంచారు. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, నడక అంటే ఇష్టమని చెప్పుకునేవాళ్లు పెద్ద పెద్ద కార్లలో వచ్చి గదులు వెతకడం మొదలెట్టారు. పరదేశినాయుడు మెట్ల కింద గదికి తెల్లరంగు కొట్టించాడు. ఒక గోడకి నిలువుటద్దం బిగించాడు, గది రెండింతలు కనపడాలని. ఇదంతా సన్యాసమ్మ అందులో ఉండగానే.

“సన్యాసమ్మా, నెలాఖరుకి నువ్వు ఖాళీ సెయ్యాల.”

“పంతొమ్మిదేళ్ల నుంచున్నాను. ఎక్కడికెల్తాను నాయుడుగారూ?”

“అదే నానూ సెప్తన్నాను. పంతొమ్మిదేళ్లు నష్టానికిచ్చేను. ఇప్పుడిది మెట్ల కింద గది కాదు. స్టూడియో.”

“మెట్లు తీయించేసేరేటి?”

“మెట్లలాగే ఉంటాయి. లోన రంగేసేం.”

“మరి తల తగలదా?”

“వచ్చేవోళ్లు కూకునే పని సేస్తారే. నిలబడరు.”

గుమ్మం మీద కొత్త బోర్డు ఉంది. ఏం రాశారో సన్యాసమ్మ చదివించుకుంది. ‘స్టూడియో అపార్ట్‌మెంట్. అన్నీ నడక దూరంలో. తాజా కూరగాయలు రోజూ మీ గుమ్మంలోకే.’

“గుమ్మంలోకొచ్చేవి నా కాయలే కదా నాయుడుగారూ. నన్ను తోలేస్తే ఎవులు తెస్తారు?”

“నిన్ను ఉండొద్దన్నాను గానీ, రావొద్దన్నానేటి?”

సన్యాసమ్మ ఇల్లు వెతికింది. వార్డులో ఏ గది తలుపు తట్టినా స్టూడియోనే. ఆవిడ ఇవ్వగలిగిన అద్దెకి గది దొరికేది పద్నాలుగు కిలోమీటర్ల అవతల, ఉప్పుకొఠార్లు దాటాక. అక్కడి నుంచి తెల్లవారేలోగా మార్కెట్‌కి చేరాలంటే బండిని బస్సు ఎక్కించాలి. బండిని ఏ బస్సూ ఎక్కించుకోదు. గది పోతే బండి పోతుంది, బండి పోతే తిండి పోతుంది. ఆవిడ లెక్క అంతే. నెలాఖరుకి ఇరవై రెండు రోజులు.

అప్పుడే ఇంకో కబురు వచ్చింది. నడక వార్డుకి బహుమానంగా అక్కడే నలభై గదుల మేడ కట్టారు. పేరు నడక నివాస్. ఒక్కో గదికి ఒక వంటగట్టు, ఒక స్నానాలగది. అద్దె తక్కువ. వార్డులో పనిచేసుకుని బతికే పాదచారులకి మాత్రమే. సన్యాసమ్మ చీర మార్చుకుని బయల్దేరింది. నడక విభాగం ఆఫీసు ఊరవతల బైపాస్ మీద ఉంది. అక్కడికి నడవడానికి దారి లేదు, ఆటోలో వెళ్లాలి.

ఉపసంచాలకుడు పద్మనాభరావు మంచి మాటకారి. మాట్లాడితే రెండు చేతులూ గాలిలో ఈదుతాయి. అర్జీ చూశాడు.

“వృత్తి, కూరగాయల విక్రయం. సాధనం, తోపుడు బండి. బండికి చక్రాలెన్ని?”

“నాలుగు బాబూ.”

“చింతిస్తున్నాము. నిబంధనావళి నాలుగవ అధ్యాయం ప్రకారం నాలుగు చక్రాల వాహనం కలిగిన వారు అనర్హులు.”

“అది వాహనమేటి బాబూ. దానికి ఇంజనే నేదు. నాను తోస్తేనే కదుల్తాది.”

పద్మనాభరావు ఆలోచించాడు. ఆలోచించినప్పుడు కూడా ఆయన చేతులు ఆడతాయి. “అనగా ఇంజను స్థానంలో మీరున్నారు. అట్టి పరిస్థితిలో మీరు వాహనమునకు అంతర్భాగం అవుతారు. అంతర్భాగమును పాదచారిగా పరిగణించు వీలు లేదు.”

“నాను రోజల్లా నడుస్తాను బాబూ. నా కాళ్లు సూడండి.”

“కాళ్లు సాక్ష్యం కావు. అంకెలు కావాలి.” అంటూ బల్ల సొరుగులోంచి రబ్బరు పట్టీ ఉన్న నల్ల గడియారం ఒకటి తీసి ఇచ్చాడు. “ఇది అడుగులను లెక్కిస్తుంది. వారం రోజులు మణికట్టున ధరించండి. దినమునకు ఆరువేల అడుగులు నమోదైతే వాహన విషయమున సానుభూతితో పరిశీలిస్తాము. నమోదు కానిచో మీరు నడవని వ్యక్తి. నడవని వ్యక్తులు ఒక లబ్ధిదారునికి ఆశ్రితులుగా మాత్రమే నడక నివాస్‌లో ఉండవచ్చును. తొమ్మిదవ నిబంధన.”

సన్యాసమ్మ వారం రోజులు గడియారం పెట్టుకుంది. ఇంతకు ముందు ఏడు వీధులు ఒకసారి తిరిగేది, ఆ వారం రెండేసిసార్లు తిరిగింది. బెండకాయ అడిగినవాళ్లకి ఒక్కోసారి వెనక్కి వెళ్లి మరీ ఇచ్చింది. అరికాళ్లు పగిలి రాత్రిళ్లు ఆముదం రాసుకుంది.

వారం తర్వాత గడియారం విప్పి చూశారు. రోజుకి రెండువందల పద్నాలుగు అడుగులు.

ఇందులో మాయ ఏం లేదు. ఆ గడియారం కాళ్లని చూడదు, చెయ్యి ఊగితే అడుగు అనుకుంటుంది. బండి తోసేవాళ్ల రెండు చేతులూ బండి కర్రకి అంటుకుని ఉంటాయి. కాళ్లు మైళ్లు నడిచినా చేతులు కదలవు. ఆ రెండువందల పద్నాలుగూ కాయలు తూచినప్పుడు పడ్డవి. పద్మనాభరావు తన మణికట్టు తిప్పి చూపించాడు. పన్నెండు వేలు. ఆ రోజు పొద్దుట్నుంచి ఆయన మూడు సమావేశాల్లో మాట్లాడాడు, కుర్చీలోంచి లేవలేదు.

“మేము అధికారులమై ఉండి కూడా నడుస్తున్నాము. మీరు ఇకనైనా అలవాటు చేసుకోండి. ఆరోగ్యమునకు మంచిది.”

కాగితం టైపు చేయించి ఇచ్చాడు. ‘ఇందుమూలముగా ధ్రువీకరించడమేమనగా, ఇరవై రెండవ వార్డు నివాసి గెడ్డాపు సన్యాసమ్మ నడవని వ్యక్తి.’ కింద గుండ్రటి ముద్ర.

సన్యాసమ్మ ఆ కాగితాన్ని మడత పెట్టి జాకెట్లో దోపుకుంది. పారెయ్యలేదు. ముద్ర ఉన్న కాగితం ఏదీ ఆవిడ పారెయ్యదు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు లబ్ధిదారుల జాబితా గోడకి అంటించారు. దాన్ని చూసి మొదట చెమటలు పట్టింది జగన్నాథానికి. స్కూటరేసుకుని అయిదో వీధిలో సన్యాసమ్మ బండి దగ్గరికి వచ్చాడు.

“కొంప మునిగిందమ్మా. గదులొచ్చాయి.”

“నాకేనా?”

“నీకు కాదు. మీ అమ్మకి.”

సన్యాసమ్మ తూకంరాయి కింద పెట్టింది.

సంగతేమిటంటే, అర్జీలతో పాటు సర్వేలో నమోదైన పేర్లన్నీ కూడా ఆ యంత్రమే వడబోసింది. వార్డులో దుకాణం ఉండి, వాహనం లేకుండా, ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యకుండా ఉన్నవాళ్లెవరని వెతికింది. నూకాలమ్మకి వాహనం లేదు. అప్పయ్యమ్మకీ లేదు. ఫిర్యాదులు అసలే లేవు. నడక లెక్క లేని చోట వార్డు సగటు తనే నింపుకుంది. మల్లికి కింది అంతస్తులో ఇచ్చింది.

“మాయమ్మ తాటాకు పాకలో పోనాది బాబూ. వానకి కారతావుంటే తలకి గోనె కప్పుకుని పోనాది. ఇప్పుడొచ్చినాదేటి గది?”

“మూడో అంతస్తు. తూర్పు కిటికీ.” జగన్నాథం గొంతు తగ్గింది. “ఈ సంగతి ఎవరికీ చెప్పకమ్మా. నా ఉద్యోగం పోతుంది.”

“నా గది పోతావుంటే నువ్వేటి సేసేవు బాబూ?”

జగన్నాథం జేబులోంచి డబ్బులు తీశాడు. ఒక ఆనపకాయ కొనుక్కుని వెళ్లిపోయాడు.

నెలాఖరు రోజు తాళాల పంపిణీ సభ. పరదేశినాయుడు పొద్దున్నే వచ్చి సన్యాసమ్మ ట్రంకు పెట్టె, చాప, రెండు గిన్నెలు బండి మీద పెట్టించాడు. స్టూడియోకి మనిషి కుదిరాడట, మధ్యాహ్నం దిగుతాడట. ఆవిడ సామాను మీద గోనె కప్పి, బండి తోసుకుంటూ సభ దగ్గరికి వెళ్లి ఓ పక్కన నిలబెట్టింది.

మంత్రిగారు వేదికకి యాభై గజాల దూరంలో కారు దిగారు. అక్కడి నుంచి తివాచీ పరిచారు. నడిచారు. జనం చప్పట్లు కొట్టారు. గొడుగు పట్టినవాడు, మైకు పట్టినవాడు, నీళ్లసీసా పట్టినవాడు కూడా పక్కనే నడిచారు, వాళ్లకెవరూ కొట్టలేదు. నడక వల్ల కలిగే లాభాల మీద మంత్రిగారు గంటసేపు కూర్చుని మాట్లాడారు. తర్వాత పద్మనాభరావు మైకు అందుకుని పేర్లు పిలిచాడు.

“గెడ్డాపు నూకాలమ్మ.”

ఎవరూ రాలేదు.

“అప్పయ్యమ్మ. పైడమ్మ. ఎర్రయ్యమ్మ. చిన్నమ్మడు.”

జనం అటూ ఇటూ చూసుకున్నారు.

“గెడ్డాపు మల్లి.”

మంత్రిగారు తాళంచెవి పట్టుకుని చెయ్యి చాపే ఉంచారు, ఫోటోలవాళ్ల కోసం. జగన్నాథం వంగి వంగి వేదిక ఎక్కి పద్మనాభరావు చెవిలో ఉన్నదున్నట్టు ఊదేశాడు. పద్మనాభరావు చేతులు మొదటిసారి ఆగిపోయాయి. మనుషులు లేరంటే దుకాణాలు లేవు. దుకాణాలు లేవంటే బిరుదు లేదు. బిరుదు లేకపోతే నడక విభాగమూ లేదు, రెండు జీపులూ లేవు, తనూ లేడు. ఆయన మైకు సర్దుకున్నాడు.

“సదరు ఆరుగురు లబ్ధిదారులు ప్రస్తుతం నడకలో ఉన్నందున సభకు హాజరు కాలేకపోయారని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము.”

ఆ సభలో అంతకన్నా పెద్ద చప్పట్లు లేవు. మంత్రిగారికి కళ్లు చెమర్చాయి.

సభ అయిపోయి, వేదిక వెనక తాళాలు డబ్బాలో పెడుతుంటే సన్యాసమ్మ వచ్చి నిలబడింది.

“బాబూ, మాయమ్మ తాళం నాకిచ్చియ్యండి.”

“మీరా. మీ అర్జీ తిరస్కరించబడింది కదా.”

“నా గది నానడగలేదు బాబూ. మాయమ్మ గది మాయమ్మకే ఉంచండి. నాను ఆవిడ మీద ఆధారపడ్డదాన్ని. నడవనోళ్లు అలాగుండొచ్చని మీరే సెప్పేరు. తొమ్మిదోది.” జాకెట్లోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. “నాను నడవనని ముద్ర ఎట్టింది కూడా మీరే.”

పద్మనాభరావు కాగితం చూశాడు. సంతకం తనదే.

“లబ్ధిదారురాలు స్వయంగా వచ్చి...” అని మొదలెట్టాడు.

“నడకకెల్లిందని మైకులో సెప్పేరు కదా బాబూ. అంతమందిలో సెప్పి ఇప్పుడు నేదంటారేటి? కాదంటే సెప్పండి, ఆవిడెప్పుడు పోనాదో అదే మైకులో నాను సెప్తాను.”

మైకు ఇంకా విప్పలేదు. మంత్రిగారి కారు ఇంకా కదల్లేదు. పద్మనాభరావు కాసేపు మైకు వంక చూశాడు, కాసేపు కారు వంక చూశాడు. తర్వాత డబ్బాలో చెయ్యి పెట్టాడు.

“ఆశ్రితులు నడవరాదు అని నిబంధన. మీరు బండితో తిరుగుతూ కనబడినచో...”

“బండితో తిరిగితే నడిచినట్టు కాదు కదా బాబూ. నాను అంతర్భాగాన్ని.”

తాళంచెవి ఇచ్చాడు.

సన్యాసమ్మ ఆ సాయంత్రమే మూడో అంతస్తు ఎక్కింది. గదిలో నిటారుగా నిలబడింది. చెయ్యెత్తితే పైకప్పు అందలేదు. అయినా రెండు మూడు నెలలు తలుపు దాటుతున్నప్పుడల్లా అలవాటుగా వంగుతూనే ఉంది. ఆ మేడ మెట్ల కింద ఇప్పుడు బండి పడుకుంటోంది.

మిగతా అయిదు గదులకీ తాళాలు అలాగే ఉన్నాయి. తలుపుల మీద ఇత్తడి పలకల్లో పేర్లున్నాయి. పండగ రోజున సన్యాసమ్మ ఒక్కో గుమ్మానికీ పసుపు రాస్తుంది, మల్లి గుమ్మం దగ్గర గుప్పెడు తోటకూర పెడుతుంది. పరదేశినాయుడి స్టూడియోలో దిగినవాడు రెండుసార్లు లేచి నిలబడ్డాడు, మూడోసారి ఖాళీ చేసి పోయాడు. అయిదు గదులు ఊరికే ఉండగా ఊళ్లోవాళ్లు ఉప్పుకొఠార్లు దాటి గదులు వెతుక్కుంటూనే ఉన్నారు. వాళ్లంతా రోజూ నడుస్తారు. బతికి ఉన్నారు, అదే వాళ్లతో వచ్చిన చిక్కు.

ఆరు నెలలకోసారి తనిఖీ ఉంటుంది. జగన్నాథం మెట్లెక్కి, నడుం పట్టుకుని, యంత్రం తీసి తలుపు దగ్గర నిలబడతాడు. ఆ ప్రశ్న అడక్కపోతే యంత్రం తర్వాతి గడి చూపించదు.

“లబ్ధిదారురాలు నూకాలమ్మ ఇంట్లో ఉందా?”

సన్యాసమ్మ మంచినీళ్ల గ్లాసు చేతికిస్తుంది.

“నేదు బాబూ. నడకకెల్లినాది.”

“ఎప్పుడొస్తుంది?”

“దూరం ఎల్లినాది. బేగి రాదు.”

జగన్నాథం నీళ్లు తాగి, ‘లబ్ధిదారు క్రమం తప్పక నడుచుచున్నారు’ అన్న గడి నొక్కి, మెట్లు దిగి స్కూటరెక్కుతాడు.